కొలత ఇద్దరిదీ ఒకటేనా?

ప్రశ్న: బాలానగర్‌లో మాకు చిన్న మెషిన్ షాపు ఉంది. ఒక పంపుల కంపెనీకి అల్యూమినియం హౌసింగులు (పంపు బయటి తొడుగులు) లేతు మీద టర్నింగ్ చేసి ఇస్తాం. బయటి వ్యాసం 100 మి.మీ., అటూ ఇటూ 0.02 వరకు ఒప్పుకుంటారు. మా దగ్గర సరిగ్గా ఉన్న పీసులే వాళ్ల తనిఖీలో సైజు తక్కువని తిరిగొస్తున్నాయి, ఎండాకాలంలో మరీనూ. కలిసి కూర్చుని నేర్చుకుందాం రమ్మంటున్నారు. ఏం నేర్చుకోవాలి? మా పద్ధతులన్నీ చెప్పేస్తే రేపు ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేయరా?

జవాబు: ముందు వేడి సంగతి చూడండి. డ్రాయింగులోని కొలత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరిది. మే నెలలో మీ షాపు 40 డిగ్రీలుంటే 100 మి.మీ. అల్యూమినియం సుమారు 0.046 మి.మీ. పెరుగుతుంది. మైక్రోమీటరు ఉక్కుది కాబట్టి అదీ పెరుగుతుంది, కానీ అందులో సగమే. మిగతా సగం, అంటే 0.023, మీ రీడింగులో ఎక్కువగా కనిపిస్తుంది. మీరు 100.00 అని చదివిన పీసు వాళ్ల ఏసీ గదిలో చల్లబడ్డాక 99.977కి దిగుతుంది. ఈ తేడా మీ రిజిస్టరులో దొరకదు, వాళ్ల రిజిస్టరులోనూ దొరకదు. రెండూ పక్కపక్కన పెడితేనే బయటపడుతుంది.

పది పీసులకు నంబర్లు వేయండి. కొలిచే చోట మార్కు పెట్టి ఒక్కో పీసును మీరు మూడుసార్లు, వాళ్లు మూడుసార్లు కొలవండి. ప్రతి రీడింగు పక్కన ఉష్ణోగ్రత రాయండి. మెషిన్ మీద నుంచి తీసిన వెంటనే కొలవొద్దు, కోత వేడి ఇంకా ఉంటుంది. మీ మూడు రీడింగుల మధ్యే 0.01 తేడా వస్తుంటే ముందు పరికరాన్నీ, పట్టే తీరునూ సరిచేసుకోవాలి. అప్పటిదాకా కంపెనీ లెక్కతో పోల్చి లాభం లేదు.

ఆ పట్టికతో మీ ఆపరేటర్ వాళ్ల డిజైన్ ఇంజనీరును కలవాలి. ఆయనే మీ లేతు దగ్గరికొస్తే ఇంకా మంచిది. ఇది మెయిళ్లలో తేలే పని కాదు. పల్చటి గోడను మూడు దవడల చక్‌లో (లేతు మీద పీసును పట్టి ఉంచే బిగింపులో) గట్టిగా బిగించి కోస్తే, విప్పాక గుండ్రం చెడుతుందని మీ ఆపరేటర్ చేతికి తెలుసు. ఆ 0.02 నిజంగా ఎక్కడ అవసరమో, ఎక్కడ సడలించొచ్చో ఇంజనీరుకు తెలుసు. ఇద్దరూ పీసు చేతిలో పట్టుకుని మాట్లాడుకుంటే సాఫ్ట్ జాలు (పీసు ఆకారానికి తగ్గట్టు కోసుకునే మెత్తటి దవడలు) వాడటమో, పట్టు కోసం డిజైన్‌లోనే ఒక అంచు పెంచడమో తోస్తుంది. ఒంటరిగా ఎవరికీ తట్టనిది అదే.

టయోటా 1970లలోనే సప్లయర్లను చిన్న బృందాలుగా చేసి, ఒకరి ప్లాంటులో అందరూ కలిసి సమస్య విప్పే ‘జిషుకెన్’ మొదలుపెట్టింది. నేరుగా పోటీపడేవాళ్లను ఒకే బృందంలో వేయకపోవడం అందులో ముఖ్యమైన జాగ్రత్త. ఆ అలవాటు విలువ 1997 ఫిబ్రవరి 1న తెలిసింది. జపాన్‌లోని కరియాలో టయోటాకు విడిభాగాలిచ్చే ఐసిన్ కంపెనీ ప్లాంటు కాలిపోయి, దాదాపు అక్కడే తయారయ్యే బ్రేకు వాల్వులు ఆగి, టయోటా లైన్లు నిలిచిపోయాయి. ఐసిన్ తన డ్రాయింగులను సాయానికొచ్చినవాళ్లకు ఇచ్చేసింది. కుట్టు మెషిన్లకు పేరున్న బ్రదర్ కూడా వాల్వులు చేసింది. వారం తిరిగేసరికి చాలా లైన్లు మళ్లీ నడిచాయి.

మీ భయం న్యాయమైనదే. అందుకే తొలి సమావేశానికి ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఇప్పటికే మీ సొంతమైన పద్ధతులేవి, కలిసి కనిపెట్టింది ఎవరిది, దాన్ని వేరే వెండరుకు ఎంతకాలం ఇవ్వకూడదు, ఆదా అయిన డబ్బు ఎలా పంచుకోవాలి. ఈ చివరి దాని మీద గట్టిగా నిలబడండి. ఆదా అంతా ధర తగ్గింపు పేరుతో కంపెనీకే పోతే మీ ఆపరేటర్ రెండో సూచన చెప్పడు. మీ ఖర్చుల షీటు, ఇతర కస్టమర్ల డ్రాయింగులు మాత్రం ఆ టేబుల్ మీదికి రానివ్వకండి.