స్వాల్‌బార్డ్ వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఉత్తర ధ్రువం దగ్గరి నార్వే ద్వీపాలు, స్వాల్‌బార్డ్‌కి నీ ప్రయాణం ఖాయమైందని మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. అప్పటినుంచీ నా పాత ఫీల్డ్ నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. చలికి ఏం కొనాలో మీవాళ్ళు చెబుతారు, నేను రాళ్ళ సంగతే రాస్తాను.

ఆ ద్వీపాల్లో నూటికి అరవై పాళ్ళ నేల మంచు కిందే ఉంది. మన కడప వైపు నడిచినట్టు ఒకే పొర వెంబడి రోజంతా పోవడం కుదరదు. సముద్రం ఒడ్డు చరియల్లోనో, మంచులోంచి పొడుచుకొచ్చిన శిఖరాల దగ్గరో గట్టురాయి, అంటే పుట్టినచోటే ఉన్న రాయి, దొరుకుతుంది. మిగతా చోట్ల నీ చేతికందేది హిమానీనదం తెచ్చి పోసిన మొరైన్ గుట్టే. నేను మోసపోయింది అక్కడే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక మొరైన్ మీద గుడిసెంత ఎర్ర ఇసుకరాయి దిమ్మ కనిపించింది. సగం నేలలో కూరుకుపోయి ఉంది, పొరలు తీర్చినట్టున్నాయి. సంబరంగా వాలు కొలిచి మ్యాపులో ఎక్కించాను. రెండు రోజుల తర్వాత పక్క గట్టెక్కి చూస్తే అంతా అభ్రకం మెరిసే షిస్టు, పూర్తిగా వేరే రకం రాయి. దిమ్మ ఎక్కడినుంచో మంచు మీద వచ్చింది! ఆ మ్యాపు షీటు మళ్ళీ మొదటినుంచి గీశాను. అందుకే చెబుతున్నా, నమూనా పక్కన రాతి పేరు తర్వాత రాయి. అది పుట్టినచోటే ఉందా, వచ్చి పడిందా అన్నది ముందు రాయి. తేల్చుకోలేకపోతే వచ్చిపడిందనే రాసుకో.

అలాగని వచ్చిపడ్డవాటిని పారెయ్యకు. మంచు ఏ దిక్కునుంచి కదిలిందో తెలిస్తే, దాని కింద ఎవరి కంటా పడని నేల ఎలాంటిదో చెప్పేవి అవే. నేను చెప్పిన ఆ ఎర్ర ఇసుకరాళ్ళు దాదాపు 40 కోట్ల ఏళ్ళవి. అప్పట్లో ఆ నేల భూమధ్యరేఖకు దగ్గర్లో ఉండేది. అక్కడి మునిన్‌డాలెన్ లోయలో 38 కోట్ల ఏళ్ళ నాటి అడవి మొదళ్ళు నిలబడ్డట్టే శిలాజాలై ఉన్నాయి.

వెళ్ళేలోపు గోదావరి లోయలో ఒకసారి తిరిగి రా. సింగరేణి బొగ్గు పొరల కన్నా అడుగున ఉండే తాల్చేర్ అనే పొర గుండ్రాళ్ళు సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట మంచు మోసుకొచ్చినవే. వాటిని చేత్తో తడిమి వెళ్తే, అక్కడ హిమానీనదం అంచున బురదా, బండలూ, గులకలూ కలగలిసి పడుతుంటే ఏం జరుగుతోందో నీకు వెంటనే తెలుస్తుంది.

మొరైన్ మీద అడుగు జాగ్రత్త. పైన మట్టి కనిపించినా లోపల మంచు ఉండొచ్చు, జారుతుంది, కుంగుతుంది. హిమానీనదం సముద్రంలో కలిసేచోట ఒడ్డున నిలబడకు. మంచు గోడ విరిగిపడితే అల ఒడ్డెక్కుతుంది. ధ్రువపు ఎలుగుబంట్లు వస్తాయేమోనని తుపాకీ పట్టుకున్న మనిషి కాపలా లేకుండా రాయి మీద వంగి కూర్చోకు. రాయి దొరికితే మనకు లోకం గుర్తుండదు, అదే భయం నాకు. వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి గడియారం చూసి పని ఆపాలి.

ఫెస్ట్‌నింగెన్ తీరానికి తీసుకెళ్తే సుత్తి సంచిలోనే ఉంచు, అది రక్షిత ప్రాంతం. గ్రీన్‌లాండ్ నేల ఈ ద్వీపాలను ఒరుసుకుంటూ జరిగిన రోజుల్లో అక్కడి పొరలు నిలువుగా లేచి నిలబడ్డాయి. కొన్ని గంటలు నడిస్తే కోట్ల ఏళ్ళు దాటతావు. 1960లో అక్కడే రాక్షసబల్లుల అడుగుజాడలు దొరికాయి. తొందరపడి నడవకు, ఒకే చోట పూటంతా కూర్చున్నా తప్పులేదు.

నా కంపాస్ కావాలన్నావట. ఇవ్వను తల్లీ. దాని సూదిని మన నేలకు తగ్గట్టు తూచారు. అక్కడ అయస్కాంత క్షేత్రం దాదాపు నిలువుగా దిగుతుంది, సూది మొన కిందికి వంగి అడుగుకు తగిలి ఆగిపోతుంది. ఉత్తర ప్రాంతాలకు సరిచేసింది కొనుక్కో. నా లెన్స్ మాత్రం నీకే, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు.

నీ పెదనాన్న