రక్తం పలచబడే మందు వాడుతుంటే పన్ను తీయించుకునే ముందు ఆపాలా?

ఒకటి రెండు పళ్లు తీయడానికైతే చాలామందికి ఆపనక్కర్లేదు, సొంతంగా అసలే ఆపకూడదు. మందు రాసిన డాక్టరూ పళ్ల డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి. పన్ను తీసిన చోట రక్తం కారితే కంటికి కనిపిస్తుంది. గాజుగుడ్డ పెట్టి అరగంట గట్టిగా కొరికి ఉంచితే, కావాలంటే కుట్టు వేస్తే, రక్తస్రావాన్ని ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్ మందు అద్దితే ఆగుతుంది. మందు మానేసినందుకు స్టెంట్‌లోనో మెదడులోనో గడ్డ కడితే నొక్కి ఆపలేం కదా.

ఉదాహరణకు, గుండె వాల్వు మార్పించుకుని ఎసిట్రోమ్ (రక్తం పలచబడే మందు) వేసుకునే పలాస మనిషి శ్రీకాకుళంలో దవడ పన్ను తీయించుకోవాలంటే, ముందురోజు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించాలి. అది 4 లోపు ఉంటే సాధారణంగా మందు ఆపకుండానే తీస్తారు. పొద్దున్నే వెళ్లడం మంచిది. మళ్లీ రక్తం కారితే చూపించుకోవడానికి పగలుంటుంది.

ఈ మందులు రక్తాన్ని నీళ్లలా మారుస్తాయన్నది అపోహ. గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి, అంతే. ‘నిన్న ఒక్కరోజు ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) మానేశాను’ అంటే లాభమూ లేదు, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల మీద దాని ప్రభావం 7 నుంచి 10 రోజులుంటుంది. అంతకన్నా జాగ్రత్త పడాల్సింది, నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ విషయంలో. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. మామూలుగా పారాసెటమాల్ సరిపోతుంది.