రాయగడ కొండదారులకు పాత మౌంటెన్ సైకిల్ ఎలా ఎంచుకోవాలి?

రాయగడ నుంచి కొరాపుట్ వైపు కొండదారుల్లో తొక్కడానికి తక్కువ ధరలో పాత గేర్ల సైకిల్ కావాలన్నారు కాబట్టి ముందు ఫ్రేమే చూడండి. హ్యాండిల్ కింద, పెడల్ ఇరుసు దగ్గర అతుకుల వెంట రంగు గీతలా పగిలి ఉంటే ఎంత చవకైనా వద్దు. దిగుడులో ఫ్రేము విరిగితే ప్రాణానికే ముప్పు.

తరువాత చైను. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. 1/16 అంగుళం సాగితే చైను మార్చాలి. 1/8 సాగితే పళ్లచక్రాలు కూడా అరిగి ఉంటాయి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని గట్టిగా అడగండి.

చవకరకం సస్పెన్షన్ ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టుకుని, కుదుపులను తగ్గించే స్ప్రింగు ఫోర్కు) ఆశపడవద్దు. బరువెక్కువ, ఎక్కుడులో మీ బలం తినేస్తుంది. మామూలు ఫోర్కు, మంచి బ్రేకులు ఉన్నదే నేనైతే తీసుకుంటాను. టైర్లు, కేబుళ్లు పాతవైనా మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు మాత్రం మార్చలేం: సైకిల్‌కు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే పైగొట్టానికీ మీ కాళ్ల సందుకీ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి.