సూపర్ బౌల్ గెలిపించిన ఇద్దరినీ ఈగల్స్ ఎందుకు వెళ్లనిచ్చింది?

2025 ఫిబ్రవరి 9న జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్‌లో, ఫిలడెల్ఫియా ఈగల్స్ కాన్సస్ సిటీపై 40-22తో గెలిచింది. ఆ రోజు కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆటను నడిపేవాడు) ప్యాట్రిక్ మహోమ్స్‌ను ఈగల్స్ డిఫెన్స్ ఆటగాళ్లు జాష్ స్వెట్ రెండున్నర సార్లు (ఇద్దరు కలిసి పడగొడితే చెరో అర), మిల్టన్ విలియమ్స్ రెండు సార్లు పడగొట్టారు. మార్చి నెల సగం గడిచేసరికి ఇద్దరూ వేరే జట్లలో ఉన్నారు. ఐపీఎల్ చూసి పెరిగిన మీకు ఇది వింతగా తోచిందని, జట్టు దగ్గర డబ్బు లేకనా, యాజమాన్యానికి ముందుచూపు లేకనా అని అడిగారు. నా దృష్టిలో అది ముందుచూపుతో చేసిన పనే. ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను ఫిలడెల్ఫియా శివార్లలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. మొదట్లో ఆదివారం ఆట చూసి ఊరుకునేవాణ్ని. మా ఆఫీసులో తాతల కాలం నుంచి ఈగల్స్ సీజన్ టికెట్లు కొంటున్న కుటుంబానికి చెందిన ఒక సహోద్యోగి పరిచయమయ్యాక, మార్చి వచ్చిందంటే ఆటగాళ్ల ఒప్పందాల వివరాలు కూడా చదవడం అలవాటైంది. ఇన్నేళ్లుగా చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఒప్పందం ముగిసినవాళ్లు జట్లు మారే ఫ్రీ ఏజెన్సీలో జట్టు బయటి నుంచి ఎవరిని తెచ్చిందన్న దానికంటే, తనవాళ్లలో ఎవరిని ముందుగానే నిలుపుకుంది, ఎవరిని వెళ్లనిచ్చింది అన్నదే ఆ జట్టు భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఎన్ఎఫ్ఎల్‌లో నాలుగు సీజన్లు పూర్తిచేసి ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లవచ్చు. ఈ స్వేచ్ఛ 1993లో వచ్చింది. ఆ ఏడాదే డిఫెన్స్ దిగ్గజం రెజీ వైట్ ఈగల్స్‌ను విడిచి గ్రీన్ బే ప్యాకర్స్‌కు వెళ్లిపోయాడు, ఇక్కడి పాత అభిమానులు ఆ సంగతి ఇప్పటికీ బాధపడుతూనే చెబుతారు. మరుసటి ఏడాది నుంచి జట్టు మొత్తం జీతాలపై పరిమితి అమలులోకి వచ్చింది. ఈ శాలరీ క్యాప్ 2023లో 224.8 మిలియన్ డాలర్లు, 2024లో 255.4 మిలియన్లు, 2025లో 279.2 మిలియన్లు. యజమాని ఎంత శ్రీమంతుడైనా 53 మంది ఆటగాళ్లనూ ఈ లెక్కలోనే సర్దుకోవాలి. ఐపీఎల్ మెగా వేలం నాడు జట్లు పాత ఖాతా చాలావరకు మూసేసి కొత్త పర్సుతో కూర్చుంటాయి, ఇక్కడ మాత్రం పాత ఖాతా జట్టును వెంటాడుతూనే ఉంటుంది. ఉదాహరణకు ఒక ఆటగాడికి ఐదేళ్ల ఒప్పందంపై సంతకం చేసేటప్పుడు 50 మిలియన్ల బోనస్ ఇచ్చారనుకోండి. డబ్బు అతనికి ముందే అందుతుంది గానీ క్యాప్ లెక్కలో దాన్ని ఏటా 10 మిలియన్ల చొప్పున ఐదేళ్లకు పంచుతారు. రెండేళ్లకే అతణ్ని పంపించివేస్తే మిగిలిన 30 మిలియన్లు జట్టులో లేని మనిషి పేరున క్యాప్‌ను తినేస్తాయి. డెడ్ మనీ అనేది దీన్నే.

క్యాప్ ఇలా ఏటా పెరుగుతుంటే, ఈ ఏడాది భారీగా కనిపించిన జీతం రెండేళ్లకు మామూలైపోతుంది. ఈగల్స్ జనరల్ మేనేజర్ హౌవీ రోజ్‌మన్ పద్ధతి అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. 2024 వసంతంలో ఇక్కడ అందరి నోటా కొత్తగా వచ్చిన సేక్వాన్ బార్క్‌లీ పేరే వినిపించింది. అసలు డబ్బు వెళ్లింది వేరేచోటికి. లాండన్ డికర్సన్‌కు నాలుగేళ్లకు 84 మిలియన్లు, జోర్డన్ మైలాటాకు మూడేళ్లకు 66, డెవాంటా స్మిత్‌కు మూడేళ్లకు 75, ఏ.జే. బ్రౌన్‌కు మూడేళ్లకు 96. ఈ నలుగురి ఒప్పందాల విలువే 321 మిలియన్లు, నలుగురూ అప్పటికే జట్టులో ఉన్నవాళ్లు. ఏప్రిల్‌లో బ్రౌన్‌కు ఏడాదికి సగటున 32 మిలియన్లు ఇచ్చినప్పుడు వైడ్ రిసీవర్లలో, అంటే విసిరిన బంతిని అందుకునేవాళ్లలో, అదే అత్యధికం. జూన్ వచ్చేసరికి మిన్నెసోటా జట్టు జస్టిన్ జెఫర్సన్‌కు ఏడాదికి 35 మిలియన్లు ఇచ్చింది. రోజ్‌మన్ అప్పటిదాకా ఆగి ఉంటే బేరం ఎంతకు చేరేదో మీరే ఊహించవచ్చు.

ఇక బయటి నుంచి తెచ్చినవాళ్ల సంగతి. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల ధర బాగా పడిపోయి ఉన్న సమయంలో, న్యూయార్క్ జెయింట్స్ వదులుకున్న బార్క్‌లీని మూడేళ్లకు 37.75 మిలియన్లకు తీసుకున్నారు. ముందు వరుసలో ఎదుటివాళ్లను అడ్డుకుని దారి చేసే అంత బలమైన లైన్ ఉన్నప్పుడు అలాంటి ఆటగాడికి పెట్టిన ప్రతి డాలరుకూ ఫలం ఎక్కువ వస్తుందన్నది వాళ్ల లెక్క. ఆ సీజన్‌లో అతను 2005 గజాలు పరుగెత్తాడు.

నాకు ఇంతకంటే విలువైనవిగా అనిపించేవి ఎవరూ పట్టించుకోని రెండు చిన్న ఒప్పందాలు. జాక్ బాన్ న్యూ ఆర్లీన్స్‌లో నాలుగేళ్లు ఎక్కువగా కిక్‌లప్పుడు మాత్రమే దిగే స్పెషల్ టీమ్స్‌లోనే గడిపాడు. ఈగల్స్ అతణ్ని ఒక్క ఏడాదికి 3.5 మిలియన్లకు తీసుకుంది. డిఫెన్స్ బాధ్యతలు చూసే విక్ ఫాంజియో అతణ్ని లైన్ అంచు నుంచి లోపలికి, ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్ స్థానానికి మార్చాడు. సీజన్ ముగిసేసరికి బాన్ ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో, అంటే తన స్థానంలో లీగ్ అత్యుత్తముల్లో ఒకడు అయ్యాడు, సూపర్ బౌల్‌లో మహోమ్స్ తనవాళ్లకు విసిరిన బంతిని మధ్యలోనే పట్టేశాడు. మెకై బెక్టన్‌ది కూడా ఇలాంటి కథే. 2020 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) న్యూయార్క్ జెట్స్ 11వ స్థానంలో టాకిల్‌గా, అంటే లైన్ చివర నిలబడేవాడిగా, ఎంచుకున్న అతని ఆట గాయాలతో దెబ్బతింది. ఈగల్స్ అతణ్ని ఒక్క ఏడాదికి తెచ్చి టాకిల్‌కు లోపలివైపు ఉండే గార్డ్‌గా, కుడివైపున నిలబెట్టింది. 2024 ఆగస్టులో స్టేడియంలో అభిమానుల ముందు జరిగిన సాధనకు వెళ్లినప్పుడు నేను అతణ్ని చాలాసేపు గమనించాను. టాకిల్ వెనక్కి అడుగులు వేసుకుంటూ ఎదుటివాడు చుట్టుతిరిగి వచ్చేదాకా చూడవచ్చు, గార్డ్‌కు ఆ వ్యవధి ఉండదు, బంతి కదిలిన మరుక్షణమే అవతలివాడు ఛాతీ మీదికి వచ్చిపడతాడు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి ఆ ఇరుకులో మోకాళ్లు వంచి, ఎదుటివాడి కంటే కిందికి దిగడానికి ఎంత శ్రమపడాలో గ్యాలరీ నుంచే తెలిసింది. ఒక ఆటగాడిలో ఇంకా బయటపడని పనితనాన్ని గుర్తించి దాన్ని వెలికితీయగలమని నమ్మే శిక్షకుడు, ఫాంజియో లాంటివాడో, అప్పట్లో లైన్‌కు తర్ఫీదునిచ్చిన జెఫ్ స్టౌట్‌లాండ్ లాంటివాడో ఉన్నప్పుడు మాత్రమే ఇలాంటి చౌక ఒప్పందాలకు అర్థం ఉంటుంది. అదే బాన్‌ను అదే ధరకు వేరే జట్టు తీసుకుని ఉంటే ఇదే ఫలితం వచ్చేదని నేను అనుకోను.

అన్నీ ఫలించలేదు. ఆ ఏడాదే బ్రైస్ హఫ్‌కు మూడేళ్లకు 51.1 మిలియన్ల ఒప్పందం ఇచ్చారు. సీజన్ మొత్తంలో అతను క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టింది రెండున్నర సార్లే, మరుసటి ఏడాది అతణ్ని శాన్ ఫ్రాన్సిస్కోకు పంపించారు.

ఇంతకంటే పెద్ద దెబ్బ 2011లో తగిలింది. ఆ వేసవిలో నామ్డీ అసోమువాకు ఐదేళ్లకు 60 మిలియన్లు ఇచ్చారు, పేరున్న మరికొందరిని కూడా తెచ్చారు. వాళ్లలో ఒకడైన విన్స్ యంగ్ ఈ జట్టును డ్రీమ్ టీమ్ అన్నాడు. ఆ సీజన్ 8-8తో (గెలుపులు-ఓటములు), తరువాతిది 4-12తో ముగిసి కోచ్ ఆండీ రీడ్ పదవి పోయింది. ఫ్రీ ఏజెన్సీ మాట వచ్చినప్పుడల్లా మా సహోద్యోగి ఎత్తేది 2011 పేరే. అప్పుడు కూడా జనరల్ మేనేజర్ రోజ్‌మనే. ఆటగాళ్లను కొనే తీరులో అప్పటికీ ఇప్పటికీ ఉన్న తేడా చూస్తే అతను ఆ అనుభవాన్ని వృథా పోనివ్వలేదని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. స్వెట్ 2018 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండులో, విలియమ్స్ 2021లో మూడో రౌండులో వచ్చినవాళ్లు. 2025లో అరిజోనా స్వెట్‌కు నాలుగేళ్లకు 76.4 మిలియన్లు, న్యూ ఇంగ్లండ్ విలియమ్స్‌కు నాలుగేళ్లకు 104 మిలియన్లు ఇచ్చాయి. వీళ్లిద్దరూ ఆడిన డిఫెన్స్ లైన్‌లోనే అప్పటికి ఈగల్స్‌కు జేలెన్ కార్టర్, జోర్డన్ డేవిస్, నోలన్ స్మిత్, జేలిక్స్ హంట్, మోరో ఒజోమో ఉన్నారు. అప్పుడు అందరూ డ్రాఫ్ట్ స్థానాన్ని బట్టి నిర్ణయమైన తొలి ఒప్పందాల్లోనే ఉన్నవాళ్లు, అంటే మార్కెట్ ధరతో పోలిస్తే చాలా తక్కువకు ఆడుతున్నవాళ్లు. విలియమ్స్‌కు ఏడాదికి 26 మిలియన్లు ఇస్తే రేపు కార్టర్‌కు ఇవ్వవలసినదానికి అడ్డు వస్తుంది. పైగా వెళ్లిన ఆటగాళ్లకు బదులుగా మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో లీగ్ అదనపు ఎంపికలు ఇస్తుంది, వాటిలో అత్యుత్తమమైనది మూడో రౌండు చివర వస్తుంది. బయటి నుంచి ఫ్రీ ఏజెంట్లను ఎక్కువగా తెచ్చుకుంటే ఆ ఎంపికలు రద్దవుతాయి. పాత జట్టు తొలగించిన ఆటగాడిని తీసుకుంటే మాత్రం ఆ లెక్కలోకి రాదు. విలియమ్స్‌ను పట్టుకోవడానికి మూడో రౌండు ఎంపికే వాడారు కాబట్టి, అతను వెళ్లిపోతూ అలాంటి మరొకడికి దారి ఇస్తాడన్నమాట.

అలాగని అందరినీ వదిలేయలేదు. అదే మార్చిలో బాన్‌ను మూడేళ్లకు 51 మిలియన్లతో నిలుపుకున్నారు, బార్క్‌లీకి రెండేళ్లకు 41.2 మిలియన్లతో ఒప్పందం పొడిగించారు. బెక్టన్‌ను ఛార్జర్స్‌కు వెళ్లనిచ్చి, 2023లో మూడో రౌండులో వచ్చిన టైలర్ స్టీన్‌ను గార్డ్ స్థానంలో నిలబెట్టారు.

మీరు ఈ జట్టును గమనించదలిస్తే మార్చి రెండో వారంలో వచ్చే వార్తలతో ఆగిపోకండి, డ్రాఫ్ట్ అయ్యేదాకా చూడండి. డ్రాఫ్ట్‌లో వచ్చిన ఆటగాడి ఒప్పందాన్ని మూడు సీజన్లు పూర్తయ్యాకే పొడిగించవచ్చు. ఆ ప్రకారం 2023లో వచ్చిన కార్టర్ ఒప్పందాన్ని 2025 సీజన్ తరువాత, 2024లో వచ్చిన క్వినియాన్ మిచెల్, కూపర్ డెజీన్‌ల ఒప్పందాలను 2026 సీజన్ తరువాతే పొడిగించే వీలుంటుంది. స్వెట్, విలియమ్స్ దగ్గర మిగిల్చిన డబ్బు ఈ ముగ్గురి కోసమే.