మూడో కప్పు దాకా కూర్చో

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే ఆలోచన. ఉస్మానియాలో మీ డిపార్ట్‌మెంట్‌కి ఇథియోపియా నుంచి ఆరుగురు వచ్చారనీ, ఏడాదిగా ఒకే ల్యాబ్‌లో ఉన్నా "హాయ్" దాటి మాట సాగలేదనీ, అందుకే హాలు తీసుకుని కల్చరల్ నైట్ పెడదామనుకుంటున్నామనీ చెప్పావు. నీ మనసు మంచిది తల్లీ. స్టేజీ మాత్రం ఇప్పుడే వద్దు. స్టేజీ ఎక్కినవాళ్ళు చూపిస్తారు, కింద కూర్చున్నవాళ్ళు చూస్తారు, చప్పట్లు కొట్టి ఎవరి గదికి వాళ్ళు వెళ్ళిపోతారు. మర్నాడు ల్యాబ్‌లో మళ్ళీ అదే "హాయ్".

నేను చేసిన ఒక తప్పు చెప్తాను, అది నీకు పనికొస్తుంది. 2006 నుంచి నాలుగేళ్ళు నేనూ మీ పెదనాన్నా ఇథియోపియాలోని బహిర్ దార్‌లో ఉన్నాం కదా. తానా సరస్సు ఒడ్డున, సముద్రమట్టానికి 1,800 మీటర్ల ఎత్తున ఉండే ఊరు. నీలి నైలు నది ఆ సరస్సులోంచే బయలుదేరుతుంది. చేరిన నెలలోనే పక్కింటావిడ కాఫీకి పిలిచింది. కాఫీయే కదా, పది నిమిషాల పని అనుకుని వెళ్ళాను. నేల మీద పచ్చగడ్డి పరిచి ఉంది, సాంబ్రాణి పొగ. ఆవిడ పచ్చి గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగ మా అందరి ముఖాల దగ్గరికీ తెచ్చి వాసన చూపించి, రోట్లో దంచి, జెబెనా అనే మెడ పొడుగాటి మట్టికూజాలో మరిగించింది. పిడి లేని చిన్న కప్పులు. పక్కన మొక్కజొన్న పేలాలు. నేను ఒక కప్పు తాగి, దిద్దాల్సిన పేపర్లున్నాయని లేచి వచ్చేశాను.

తర్వాత వారం రోజులు ఆవిడ నాతో ముభావంగా ఉంది. ఎందుకో మా క్లాసులో ఒక అమ్మాయి చెప్పింది. మొదటి కప్పు అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. బెరెకా అంటే దీవెన. అది తీసుకోకుండా లేవడమంటే, విస్తరి ముందు కూర్చున్న చుట్టం పెరుగన్నం రాకుండానే లేచి చెయ్యి కడుక్కున్నట్టు. ఆ సాయంత్రమే వెళ్ళి క్షమించమని అడిగాను. ఆవిడ మళ్ళీ గింజలు కడిగింది. ఆ రోజు మూడు కప్పులూ తాగి, దీపాలు పెట్టేవేళకి ఇంటికొచ్చాను. మా స్నేహం ఆ రోజు మొదలైంది. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తుంది.

అందుకని మొదట నువ్వు చేయాల్సింది వాళ్ళని పిలవడం కాదు. వాళ్ళు పిలిచేలా చూడడం. "మీ కాఫీ ఎలా చేస్తారో చూడాలని ఉంది, మాకు నేర్పుతారా?" అని అడుగు. వాళ్ళు మన దేశంలో ఏళ్ళ తరబడి అతిథులుగానే ఉంటున్నారు. అద్దె ఇంట్లో, హాస్టల్లో, ఆఫీసుల్లో అన్నిచోట్లా అడిగేవాళ్ళే తప్ప పెట్టేవాళ్ళు కాదు. ఎప్పుడూ పుచ్చుకునేవాళ్ళుగానే ఉన్న మనిషి మనసు విప్పలేడు. ఒక్క మధ్యాహ్నం వాళ్ళ చేత్తో మీకు పెట్టనివ్వు. మీవాళ్ళు నలుగురు, వాళ్ళు నలుగురు చాలు. అంతకంటే ఎక్కువైతే ఎవరి భాషలో వాళ్ళు గుంపు కడతారు. ముందూ వెనకా కలిపి మూడు గంటలు ఖాళీ పెట్టుకో. ఫోన్లు సంచుల్లో ఉండాలి. రీల్స్ తీయడం మొదలుపెడితే అదీ స్టేజీయే అవుతుంది.

భోజనం దగ్గర ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెప్పుంచుతాను. ఇంజెరా అంటే తెఫ్ అనే సన్నటి గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, ఒకవైపే కాల్చే పెద్ద అట్టు. దాన్ని పెద్ద పళ్ళెంలో పరిచి, మీద కూరలు వడ్డించి, అందరూ ఒకే పళ్ళెంలోంచి తింటారు. కుడిచేత్తోనే, మనలాగే. మధ్యలో ఇష్టమైనవాళ్ళకి ఒక ముద్ద చుట్టి నోట్లో పెడతారు. దాన్ని గుర్షా అంటారు. ఎంగిలి పట్టింపుతో పెరిగిన దాన్ని నేను. మొదటిసారి ఆవిడ చెయ్యి నా నోటి దగ్గరికి వచ్చినప్పుడు ఒళ్ళంతా బిగుసుకుపోయింది. అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వేసవి రాత్రి డాబా మీద మీ అమ్మనీ నన్నూ మామయ్యలనీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకే గిన్నెలోంచి గోరుముద్దలు పెట్టేది. అదీ ఇదీ ఒకటే కదా అనిపించింది. నోరు తెరిచాను.

అలాగని అందరూ తెరవాలని లేదు. మీలో ఎవరికైనా ఎంగిలి ఇబ్బంది ఉంటే దాచకండి. "మా ఇళ్ళలో ఇలా అలవాటు లేదు, నాకు విడిగా ఒక ముక్క ఇస్తారా" అని నవ్వుతూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మూతి ముడుచుకుని పక్కకి జరిగితే మాత్రం "నా చెయ్యి వీళ్ళకి అసహ్యం" అని వాళ్ళకి అర్థమవుతుంది. ఆ గాయం మానదు.

మీ వంతు వచ్చినప్పుడు నెయ్యి సంగతి చూసుకో. వాళ్ళలో ఆర్థడాక్స్ క్రైస్తవులైతే బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్ ముందు 55 రోజులూ మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. మనం శాకాహారమే కదా అని ధీమాగా పప్పులో నెయ్యి పోసి, పెరుగు వడ్డించి వాళ్ళని ఇరకాటంలో పెడతాం. పులిహోర నిక్షేపంలా పనికొస్తుంది. వాళ్ళలో ముస్లింలూ ఉంటారు, మాంసం వండితే హలాల్ సంగతి ముందే అడుగు. మన చోడి అంబలి కూడా పెట్టు. చోళ్ళు, అదే రాగులు, పుట్టిందే ఆ తూర్పు ఆఫ్రికా కొండల్లో. బహిర్ దార్ చుట్టుపక్కల పండిస్తారు, దగుస్సా అంటారు. సంతలో మొదటిసారి ఆ గింజలు చూసి పిడికిట్లోకి తీసుకుని నిలబడిపోయాను. మా నాన్న పొలం నుంచి తెచ్చిన చోళ్ళే. ఎన్ని వేల ఏళ్ళ కిందటో అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చి, మన పేదింటి కడుపు నింపిన గింజ.

టైమ్ విషయంలో కూడా జాగ్రత్త. వాళ్ళు గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు. మన ఉదయం ఏడు వాళ్ళకి ఒంటిగంట. మన పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచి లెక్కపెట్టినట్టే. ఇండియాలో ఉన్నవాళ్ళకి మన లెక్క అలవాటయ్యే ఉంటుంది, అయినా కొత్తగా వచ్చినవాళ్ళు ఉంటే ఒకసారి అడిగి ఖాయం చేసుకో. వాళ్ళ కేలండర్‌లో 13 నెలలు, సంవత్సరం మనకంటే ఏడెనిమిది వెనక ఉంటుంది. పేర్లలో ఇంటిపేరు ఉండదు, రెండో పేరు తండ్రిది. ఆ రెండో పేరుతో పిలిస్తే వాళ్ళ నాన్నని పిలిచినట్టే. ముందు పేరుతోనే పిలువు, సరిగ్గా పలకడం నేర్చుకుని పిలువు. పలకడం కష్టమని పొట్టిపేరు పెట్టేయకు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది చెప్తాను. వాళ్ళు మీతో ముభావంగా ఉండడానికి కారణం మీ వైపే ఉండొచ్చు. 2016 జనవరిలో బెంగళూరులో ఒక టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని కొట్టారు. ఆ వార్తలు ఆఫ్రికాలో ప్రతి తల్లీ చదివింది. పెద్ద దాడులు లేని రోజుల్లో కూడా ఇల్లు అద్దెకి అడిగితే "ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు, బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంటుంది, వెనక నుంచి ఒక మాట వినిపిస్తుంది. తెలుగు రాదు కదా అని అంటాం కానీ, ఆ మాటలే వాళ్ళు ముందు నేర్చుకుంటారు. నువ్వు ఒకరోజు కాఫీ తాగగానే ఆ అనుమానం పోదు. నిన్ను కొంతకాలం చూస్తారు, చూడనీ. బాధపడకు. నీ ముందు ఎవరైనా ఆ మాట అంటే అక్కడే, ఆ క్షణమే, గట్టిగా తప్పని చెప్పు. నీ తెలుగుకి అక్కడ విలువుంటుంది. వాళ్ళు ఇల్లు వెతుక్కుంటుంటే తోడు వెళ్ళి ఇంటివాళ్ళతో నువ్వు మాట్లాడు. ఒక్క ఇంటి తాళం చేతికొచ్చిన రోజు పది కల్చరల్ నైట్‌లతో సమానం.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. నేను వెళ్ళేముందు ఇథియోపియా అంటే నాకు తెలిసింది 1984 కరువు ఫోటోలే. అక్కడ మొదటి వారంలో ఒక సహోద్యోగిని కరువు గురించే అడిగాను. ఆయన మర్యాదగా జవాబు చెప్పి, "మీ ఊరి గురించి చెప్పండి, అక్కడ పిల్లలు ఏం ఆడుకుంటారు?" అన్నాడు. ఎలా అడగాలో నాకు నేర్పాడు. జుట్టు ముట్టుకోవడం, అడక్కుండా ఫోటో తీయడం, "మీ ఆఫ్రికాలో" అని మొదలుపెట్టడం వద్దు. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. ఇథియోపియాలోనే 80కి పైగా భాషలు. 2020 నవంబరు నుంచి రెండేళ్ళు ఆ దేశానికి ఉత్తరాన ఉన్న టిగ్రాయ్‌లో యుద్ధం జరిగింది. నీ ఆరుగురిలోనే ఎవరి ఇంట్లో ఏం పోయిందో నీకు తెలీదు, ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఏం ఉందో కూడా తెలీదు. నువ్వు కదపకు. చెప్పాలనిపించిన రోజు వాళ్ళే చెప్తారు. ఆ రోజు సలహా ఇవ్వకుండా విను. పలకరింపు కూడా అడిగి నేర్చుకో. అమ్హారిక్ మాట్లాడేవాళ్ళయితే అబ్బాయిని "ఇందెమిన్ నెహ్" అనీ, అమ్మాయిని "ఇందెమిన్ నెష్" అనీ అంటాం. ఒరోమో జాతి పిల్లలైతే "అక్కమ్".

రెండోసారి, మూడోసారి కలిసినప్పుడు చేతులకి పని ఉండేది ఏదైనా పెట్టు. ఊరికే కూర్చుంటే మాటలు తడుముకుంటాయి. వామన గుంటలు ఆడండి. ఆ ఆట వాళ్ళకీ ఉంది, గెబెతా అంటారు. ఘనాలో ఒవారె, టాంజానియా తీరంలో బావొ. గుంటల లెక్క వేరు, నియమాలు వేరు, గింజలు తీసి ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవడం మాత్రం అదే. ఒకసారి మన పద్ధతిలో, ఒకసారి వాళ్ళ పద్ధతిలో ఆడితే భాష రాకపోయినా పోట్లాడుకోవచ్చు. తర్వాత అక్షరాలు. అమ్హారిక్‌లో 33 మూలాక్షరాలు, ఒక్కొక్కదానికి ఏడు రూపాలు. మన గుణింతం లాంటిదే. నేను రెండు నెలల్లో దుకాణాల బోర్డులు చదవగలిగానంటే కారణం చిన్నప్పుడు పలక మీద దిద్దిన గుణింతమే. వాళ్ళ పేర్లు మీరు వాళ్ళ లిపిలో, మీ పేర్లు వాళ్ళు తెలుగులో రాయండి.

నువ్వు రోజూ బస్సు దిగే హబ్సిగూడ పేరు సంగతి కూడా చెప్పుకోండి. హబ్షీల పేటగా ఉండడం వల్ల దానికా పేరు వచ్చిందంటారు. హబ్షీ అన్న మాట, ఇథియోపియా వాళ్ళలో చాలామంది తమని తాము పిలుచుకునే హబెషా అన్న మాట ఒకటే. (అందరూ ఆ మాట ఒప్పుకోరు, ఒరోమో పిల్లలుంటే అడిగి మాట్లాడు.) నగరంలో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం. ఆ సైనికుల వంశస్థులు ఇప్పటికీ హైదరాబాదీలే. ఒక ఆదివారం అందరూ కలిసి ఆ పేటకి నడిచి వెళ్ళండి. ఈ ఊరికి వాళ్ళవాళ్ళు ఎప్పుడో వచ్చారని తెలిస్తే పరాయితనం కొంచెం తగ్గుతుంది. ఆ రాకలో బానిసత్వం కూడా ఉంది, దాన్ని దాటేసి తీపి కథలా చెప్పకు. వాళ్ళ తాతల్ని కూడా అడగమను. హైలె సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి చాలామంది టీచర్లు అక్కడి బడులకి వెళ్ళారు. ఎవరో ఒక తాతకి లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారే అయ్యుంటుంది.

అప్పటికి సెప్టెంబరు వస్తుంది. వాళ్ళ కొత్త సంవత్సరం ఎక్కువగా 11వ తేదీన, వానలు వెలిసి కొండలంతా అదెయ్ అబెబా అనే పసుపుపూలు పూసే వేళ. ఆడపిల్లలు ఆ పూలు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ తిరుగుతారు. 27న మెస్కెల్ పండగ. ముందురోజు పొడుగాటి కర్రలు నిలబెట్టి, పూలు కట్టి పెద్ద మంట వేస్తారు. మన భోగిమంట చూసినట్టే ఉంటుంది. ఇక్కడ అదే రోజుల్లో తంగేడు పూస్తుంది, మీ క్యాంపస్‌లో బతుకమ్మ పేరుస్తారు. ఆ ఏడాది వాళ్ళ చేత ఒక వరస పేర్పించు. వాళ్ళు భుజాలు కదిపి ఆడే ఎస్కిస్తా మీకు నేర్పమను, మీరు కోలాటం నేర్పండి. అప్పటికి హాలు తీసుకోవాలనిపిస్తే తీసుకోండి. అప్పుడు స్టేజీ మీద ఉన్నవాళ్ళూ కింద ఉన్నవాళ్ళూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే అయుంటారు.

మీ అమ్మ కంగారు పడుతుంది, "ఎవరితో తిరుగుతోందో" అని. నేను మాట్లాడతాను. సంక్రాంతికి వాళ్ళలో రాగలిగినవాళ్ళని ఇక్కడికి తీసుకురా, నాలుగు పరుపులున్నాయి. ఇంజెరాకి తెఫ్ దొరక్కపోతే చోడి పిండి పులియబెట్టి ప్రయత్నిద్దాం, నేను అక్కడ ఒకసారి చేశాను, బాగానే వచ్చింది.

మంగళవారం బస్సులో మీ పెదనాన్నకి తెలిసిన అబ్బాయి చేత ఒక అట్టపెట్టె పంపిస్తున్నాను. అందులో అమ్మమ్మ వామన గుంటల పీట ఉంది. గుంటకి ఐదు చొప్పున డెబ్భై చింతపిక్కలు లెక్కపెట్టి గుడ్డలో మూటకట్టాను. పాత చీరలో చుట్టింది నా జెబెనా. మూతి దగ్గర సన్నటి బీట ఉంది, ఎక్కువ సెగ మీద పెట్టనివ్వకు. ఆరు కప్పులే మిగిలాయి, మిగతా రెండు అక్కడ కొనుక్కో.

పెద్దమ్మ