భూమి, అంగారకుడు, శుక్రుడు, శని: వీటిలో భిన్నమైనది ఏది?

మీరు రాసిన ఐక్యూ పరీక్షలో ఈ నాలుగు గ్రహాలిచ్చి భిన్నమైనదాన్ని గుర్తించమన్నారు. మీరు శుక్రుడు అని పెట్టారు, కీలో శని అని ఉంది. "నా జవాబు తప్పా? నాకు అంత తెలివి లేదనుకోవాలా?" అని అడిగారు.

మీ జవాబు తప్పు కాదు. శుక్రుడికి ఉపగ్రహం లేదు. భూమికి ఒకటి, అంగారకుడికి రెండు, శనికి వందకు పైగా ఉన్నాయి. మీరు ఈ కారణంతోనే పెట్టి ఉంటే, అది కీ తయారు చేసినవాళ్ల కారణానికి ఏ మాత్రం తీసిపోదు. లోపం ప్రశ్నలోనే ఉంది. నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దాదాపు ఇదే బిట్ ఒకప్పుడు నేను కూడా ఇచ్చాను.

కొన్నేళ్లు ఒక శిక్షణ సంస్థలో రీజనింగ్ చెప్పాను, మోడల్ పేపర్లు కూడా నేనే తయారు చేసేవాణ్ణి. భిన్న పరీక్ష అనే భాగంలో ఈ నాలుగు గ్రహాలు పెట్టి, కీలో శని అని రాసుకున్నాను. మిగతా మూడూ రాతి గ్రహాలు, శని వాయు గ్రహం. ఇంతకంటే స్పష్టమైన బిట్ ఉండదనుకున్నాను. పేపర్లు దిద్ది ఇచ్చాక క్లాసులో ఒకరు మీలాగే శుక్రుడి గురించి అడిగారు. ఇంకొక అమ్మాయి భూమి అని పెట్టింది. జీవం ఉంది కాబట్టి అంటుందనుకుని, దానికి సమాధానం సిద్ధం చేసుకున్నాను. జీవం ఉండటం భూమి ప్రత్యేకత మాత్రమే, మిగతా మూడింటినీ ఒక గుంపుగా కలిపే గుణం కాదు కదా. కానీ ఆ అమ్మాయి చెప్పింది అది కాదు. "మంగళవారం, శుక్రవారం, శనివారం ఉన్నాయి సార్, భూమి పేరుతో వారం లేదు" అంది. అంగారకుడికే మంగళుడని ఇంకో పేరు. మూడింటికీ ఉన్న గుణం ఒకటి చూపించింది, నాలుగోదానికి అది లేదు. భిన్న పరీక్షలో ఇంతకు మించి అడిగేదేమీ ఉండదు.

ఆ రోజు ఇంటికి వెళ్లి అంగారకుడి సంగతి కూడా చూశాను. అక్కడ గాలి చాలా పలుచన, ఒత్తిడి భూమి మీద ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు. శుక్రుడి మీద అది భూమికి సుమారు 90 రెట్లు. శని అయితే చాలావరకు హైడ్రోజన్, హీలియం వాయువులే. అంటే దట్టమైన వాయుమండలం మూడింటికి ఉంది, అంగారకుడికి లేదు. నాలుగు ఆప్షన్లకూ నాలుగు నిజమైన కారణాలున్నాయన్నమాట. మర్నాడు ఆ బిట్‌కి అందరికీ మార్కు కలిపాను.

వారాల మాట ఇంకొంచెం చెప్పాలి. అదే ప్రశ్న ఇంగ్లీషులో అడిగితే ఆ కారణం పనిచేయదు, ఈ నాలుగింటిలో శని పేరు ఒక్కటే అక్కడ వారం పేరులో కనిపిస్తుంది. రోమన్ పురాణాల ప్రకారం శుక్రగ్రహం పేరు ఒక దేవతది, అంగారకుడు, శని పేర్లు దేవుళ్లవి. ఆ పద్ధతిలో ఆలోచించేవాళ్లకు ఆడ పేరున్న శుక్రుడు వేరుగా కనిపిస్తాడు. మనకు శుక్రుడు రాక్షసుల గురువు, పురుషుడు, ఇక్కడ భూదేవి ఒక్కతే స్త్రీ. ప్రశ్నను అనువాదం చేసి, కీని మాత్రం అలాగే ఉంచేస్తే అది ఏ తెలివిని కొలుస్తున్నట్టు?

కీలు పాతబడటం ఇంకో సమస్య. "గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్" ఇచ్చి, వలయాలున్నాయి కాబట్టి శని అని కీ పెట్టిన పుస్తకాలు నేను చూశాను. యురేనస్ వలయాలు 1977లో, గురుడివి 1979లో బయటపడ్డాయి, నెప్ట్యూన్‌కి కూడా ఉన్నాయని 1989లో వాయేజర్-2 అనే అంతరిక్ష నౌక ఖాయం చేసింది. ఇది తెలిసిన పిల్లవాడు ఆ బిట్ దగ్గర ఆగిపోతాడు, తెలియనివాడు మార్కు తెచ్చుకుంటాడు. 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చాక, దాని మీద ఉన్న పాత బిట్లకు కూడా ఇదే గతి పట్టింది.

ఇలాంటి వర్గీకరణ ప్రశ్నల మీద నాకు నచ్చిన పరిశీలన సోవియట్ మనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియాది. ఆయన 1930ల మొదట్లో ఉజ్బెకిస్తాన్‌లో బడికి వెళ్లని రైతులకు సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, ఏది చేరదని అడిగాడు. దుంగ అనాలి, ఎందుకంటే మిగతావి పనిముట్లు. వాళ్లు దేన్నీ తీయడానికి ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపంతో ఏం పని? వాళ్ల గుంపు వస్తువుల రకాన్ని బట్టి కాదు, పనిని బట్టి ఏర్పడింది. ఆ ఆలోచనలో లోపం ఎక్కడుందో నాకు కనిపించదు.

పరీక్షను జాగ్రత్తగా తయారు చేసేవాళ్లు ప్రతి ప్రశ్ననూ ముందు కొంతమందికి ఇచ్చి చూస్తారు. మొత్తం మీద మంచి మార్కులు వచ్చినవాళ్లే ఒక బిట్‌లో కీకి భిన్నమైన ఆప్షన్ ఎక్కువగా పెడుతుంటే, లోపం బిట్‌లోనే ఉందని దాన్ని మారుస్తారు లేదా తీసేస్తారు. బొమ్మలతో చేసే పరీక్షలు పుట్టింది కూడా చదువు, భాష ప్రభావం తగ్గించాలనే. బ్రిటిష్ మనస్తత్వవేత్త జాన్ రేవన్ 1938లో తెచ్చిన మ్యాట్రిసెస్, అంటే బొమ్మల అమరికలో లేని ముక్కను గుర్తించే పరీక్షలు, అలాంటివే. గ్రహాల బిట్ ఖగోళం ఎంత తెలుసో చెబుతుంది, ఆలోచన గురించి చాలా తక్కువ చెబుతుంది. ఒక్క బిట్ పోయిందని మీ తెలివి మీద అనుమానం పెట్టుకోకండి.

ఇక పరీక్షలో ఏం చేయాలంటారా? రెండు కారణాలు తోచినప్పుడు, పాఠ్యపుస్తకంలో మొదట కనిపించే వర్గీకరణ వైపు వెళ్లండి: నక్షత్రమా గ్రహమా, గ్రహమా ఉపగ్రహమా, రాతిదా వాయువుదా. ఉపగ్రహాల సంఖ్య, తిరిగే దిశ వంటివి ఆ తర్వాతే. కీ సాధారణంగా ఆ పై మెట్టు దగ్గరే ఆగుతుంది. మీకు తట్టిన కారణం ఎంత బాగున్నా అక్కడ టెన్షన్ పడి సమయం పోగొట్టుకోవద్దు.

అభ్యంతరం తెలిపే వీలుంటే మాత్రం వదలకండి. "శుక్రుడు ప్రత్యేకం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, ప్రతి గ్రహమూ ప్రత్యేకమే. మూడింటినీ కలిపే గుణం ముందు చెప్పాలి. ఇలా రాయండి: "భూమి, అంగారకుడు, శని గ్రహాలకు సహజ ఉపగ్రహాలు ఉన్నాయి, శుక్రుడికి లేవు. కాబట్టి ఈ ప్రశ్నకు శుక్రుడు కూడా సరైన జవాబే."