లేఔట్ వస్తే మున్సిపాలిటీకి మిగిలేదెంత?

అన్నా, మీ ఊరి పక్కన 20 ఎకరాల పొలం లేఔట్ అయితే మున్సిపాలిటీకి లాభమేనా అని అడిగారు కదా. మీరు వేసిన ఆదాయం, ఖర్చుల లెక్కల షీట్ చూశాను. 20 ఎకరాలంటే 96,800 గజాలు. రోడ్లు, పార్కు పోగా 200 గజాల ప్లాట్లు 250 దాకా వస్తాయి, అంతవరకు కరెక్టే. కానీ మొదటి ఏడాది నుంచే 250 ఇళ్ల పన్ను వేసేశారు! ప్లాట్లు కొన్నవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలే పెంచుతారు. అందుకే ఏటా 15 ఇళ్లు లేస్తాయనుకుని వేయండి. ఖాళీ స్థలం పన్ను వేరే వరుసలో, వసూలయ్యేంతే రాయండి.

అనుమతి ఫీజు ఒక్కసారే వచ్చే డబ్బు, దాన్ని ఏటా వచ్చే ఆదాయంలో కలపొద్దు. రిజిస్ట్రేషన్లపై మున్సిపాలిటీకి వచ్చే 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ (ఆస్తి చేతులు మారినప్పుడు పడే పన్ను) కూడా అమ్మకాలు జరిగినప్పుడే.

ఖర్చులో ఇంటికి ఇంత అనే సగటు లెక్క మోసం చేస్తుంది. ఇప్పుడున్న ట్యాంకులో ఓ 60 ఇళ్లకు సరిపడా నీళ్లు మిగులున్నాయనుకోండి, ఆ మొదటి 60 ఇళ్లకు పైపుల ఖర్చే. అది నిండిందా, ఒక్క ఇంటి కోసమైనా కొత్త ట్యాంకు కట్టాల్సిందే. వీధిదీపాలకు మాత్రం ఇళ్లున్నా లేకపోయినా బిల్లు తప్పదు.

మీ షీట్‌లో అమెరికా నమూనా నుంచి వచ్చిన బడి ఖర్చు తీసేయండి. అక్కడ అందులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను మీద పడుతుంది, ఇక్కడ టీచర్ల జీతాలు రాష్ట్రానివి.